టైట్‌గా, డ్రైగా ఉండే హై గెయిన్ డిస్టార్షన్‌కు ఏ ఆంప్ తీసుకోవాలి?

ప్రశ్న: కడపలో ఇంజనీరింగ్ చదువుతున్నాను. నలుగురం కలిసి మెటల్ బ్యాండ్ పెట్టుకున్నాం. నా గిటార్‌కు హంబకర్లు (రెండు కాయిల్స్ ఉండే పికప్‌లు) ఉన్నాయి, ట్యూనింగ్ డ్రాప్ సీ (కింది తీగను సీ స్వరానికి దించినది). ఇప్పుడున్నది ఆరున్నర అంగుళాల స్పీకర్ ఉన్న 15 వాట్ల ప్రాక్టీస్ ఆంప్. గెయిన్ పెంచితే రిఫ్ అంతా ముద్దయిపోతోంది. పామ్ మ్యూట్ చేస్తే (అరచేతి అంచు తీగలకు ఆనించి కొడితే) ‘జగ్ జగ్’ అని తెగాలి, నాకేమో ‘బుఊఊ’ అని సాగుతోంది. బడ్జెట్ ముప్పై వేలు, ఇంకో ఐదు వేలు సర్దగలను. ట్యూబ్ ఆంప్ (వాక్యూమ్ ట్యూబులతో నడిచేది) ఉంటేనే ఆ సౌండ్ వస్తుందని ఫ్రెండ్స్ అంటున్నారు. ఏది కొనమంటారన్నా?

జవాబు:

తమ్ముడూ, ముందు జవాబు చెప్పేస్తా, కారణాలు తర్వాత చూద్దాం. ఈ బడ్జెట్‌లో ట్యూబ్ ఆంప్ జోలికి పోవద్దు. 12 అంగుళాల స్పీకర్ ఉన్న, 50 వాట్లకు తగ్గని సాలిడ్ స్టేట్ (ట్రాన్సిస్టర్) కాంబో గానీ, వేరే ఆంపుల సౌండ్‌ను డిజిటల్‌గా అనుకరించే మోడలింగ్ కాంబో గానీ తీసుకో. కాంబో అంటే ఆంప్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉండేది. బాస్ కంపెనీ కటానా 50 నా మొదటి ఓటు. కొత్త తరం దొరికినా, మార్క్ 2 దొరికినా పర్వాలేదు. కానీ ఇంతటితో చదవడం ఆపేసి షాపుకు వెళ్తే, ఆ ఆంప్‌లోనూ నీకు ఇదే ముద్ద వినిపిస్తుంది. నువ్వడిగే టైట్‌నెస్ బ్రాండులో లేదు, వాట్లలో లేదు, ట్యూబుల్లో అంతకన్నా లేదు. డిస్టార్షన్ పుట్టే చోటికి, అంటే సిగ్నల్ పరిమితి దాటి అంచులు తెగే (క్లిప్పింగ్) చోటికి చేరేలోపు నీ సిగ్నల్‌లో ఎంత బేస్ మిగిలి ఉందన్న దాన్ని బట్టి అది వస్తుంది, పోతుంది.

అనంతపురంలో ఆంపులు రిపేరు చేస్తుంటాను, చర్చి బ్యాండ్లకు, కాలేజీ కుర్రాళ్లకు స్టేజీ సౌండ్ చూస్తుంటాను. ‘ఆంప్ పాడైంది, సౌండ్ పగిలిపోతోంది’ అని నా దగ్గరికి తెచ్చే మెటల్ కుర్రాళ్లలో చాలామంది ఆంపులకు ఏ రోగమూ ఉండదు. గెయిన్ పది మీద, బేస్ పది మీద, మిడ్ (మధ్య ఫ్రీక్వెన్సీలు) సున్నా మీద ఉంటుంది, అంతే. అందుకే ఈ విషయం కొంచెం విడమరిచి చెప్పాలనిపించింది.

డ్రాప్ సీలో నీ కింది తీగ మోగేది 65.4 హెర్ట్జ్ దగ్గర. పవర్ కార్డ్ (రెండే స్వరాల కార్డ్) పట్టుకుంటే దాని పక్కన జీ స్వరం 98 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. క్లీన్ చానల్‌లో ఇవి రెండూ విడివిడిగానే ఉంటాయి. డిస్టార్షన్‌లోకి వెళ్లాక మాత్రం ఆ రెంటి కూడిక, తీసివేతల దగ్గర కొత్త స్వరాలు పుట్టుకొస్తాయి. 98లోంచి 65.4 తీసేస్తే 32.6. అంటే నువ్వు వాయించని, ఒక ఆక్టేవ్ కిందున్న సీ స్వరం. పవర్ కార్డ్ అంత బరువుగా అనిపించడానికి కారణం అదే. ఇంతవరకు మంచిదే. అదే చోట మైనర్ థర్డ్ పట్టుకున్నావనుకో, 77.8లోంచి 65.4 తీసేస్తే మిగిలేది 12.4 హెర్ట్జ్. అది స్వరంగా చెవికి అందదు, కింద గుడగుడమనే కదలికగా మాత్రం తెలుస్తుంది. కింది ఫ్రీక్వెన్సీలు ఎంత బలంగా డిస్టార్షన్‌లోకి వెళితే ఈ చెత్త అంత ఎక్కువగా తయారవుతుంది. పైగా బేస్ తరంగం పెద్దది. క్లిప్పింగ్ అంతా అదే తినేస్తే, దాని మీద ఎక్కి ఉన్న పిక్ అటాక్, మిడ్స్ నలిగిపోతాయి. ‘జగ్’ అనే ఆ మొదటి దెబ్బ ఉండేది ఆ మిడ్స్‌లోనే.

పప్పులో ఉప్పు తక్కువైతే తర్వాత కలుపుకోవచ్చు, ఎక్కువైతే తీయలేం. బేస్ కూడా అంతే. డిస్టార్షన్‌కు ముందు ఎక్కువైన బేస్‌ను తర్వాత ఏ నాబ్ తిప్పినా తీయలేవు. ముందు కోసేసి, డిస్టార్షన్ దాటాక కావలసినంత కలుపుకుంటే శుభ్రంగా ఉంటుంది. పేరున్న హై గెయిన్ ఆంపులు తయారు చేసినవాళ్లు చాలామంది ఏదో ఒక రకంగా చేసింది ఇదే.

సర్క్యూట్‌లో చూస్తే ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. పాత ఫెండర్ ఆంపుల్లో మొదటి ట్యూబ్ కాథోడ్ దగ్గర 25 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంటుంది. బేస్ మొత్తం పూర్తి గెయిన్‌తో దాటిపోతుంది. క్లీన్‌కు అది అమృతం. మార్షల్ జేసీఎం 800లో అదే చోట ఉన్నది 0.68 మైక్రోఫారడ్ మాత్రమే. గోరంత భాగం మార్చారు, దాంతో కింది ఫ్రీక్వెన్సీలకు మొదటి మెట్టులోనే గెయిన్ తగ్గిపోయింది. మీసా బూగీ మార్క్ సిరీస్‌లో టోన్ నాబులు గెయిన్ స్టేజీలకు ముందే ఉంటాయి. అందుకే అవి వాడేవాళ్లు బేస్ నాబ్‌ను దాదాపు సున్నా దగ్గర పెట్టి, చివర్లో ఉన్న ఐదు స్లైడర్ల ఈక్యూ (ఈక్వలైజర్)లో 80 హెర్ట్జ్ స్లైడర్‌తో బేస్ తిరిగి తెచ్చుకుంటారు. తెలియనివాళ్లు ఆ ఆంప్ బేస్ నాబ్ ఐదు మీద పెట్టి ‘ఇదేం ఆంప్, ఉబ్బిపోయినట్టుంది’ అంటారు.

అదే కంపెనీ డ్యూయల్ రెక్టిఫయర్ సంగతి వేరు. అందులో టోన్ నాబులు గెయిన్ తర్వాత వస్తాయి, కింది భాగం వదులుగా, పెద్దగా ఉంటుంది. అందుకే డౌన్ ట్యూన్ చేసేవాళ్లు దాని ముందు ట్యూబ్ స్క్రీమర్ అనే ఓవర్‌డ్రైవ్ పెడల్ పెట్టడం ఆనవాయితీ అయిపోయింది. 1992లో గిటారిస్ట్ ఎడ్డీ వాన్ హేలెన్‌తో కలిసి పీవీ కంపెనీ తెచ్చిన 5150 ఆంప్‌కీ, తర్వాత 6505 అని పేరు మార్చుకున్న అదే ఆంప్‌కీ మెటల్ వాళ్లు ఆ పెడలే పెడతారు. లక్షలు పోసి కొన్న ఆంప్ ముందు కూడా చిన్న పెడల్ ఎందుకు పెడుతున్నారో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

ఆ పెడల్ చేసే పని ఇది. ట్యూబ్ స్క్రీమర్‌లో క్లిప్పింగ్ జరిగే చోట సుమారు 720 హెర్ట్జ్ కింద గెయిన్ పడిపోతూ వస్తుంది. డ్రైవ్ నాబ్ సున్నా దగ్గర, లెవెల్ నాబ్ దాదాపు పూర్తిగా, టోన్ మధ్యలో పెట్టు. అప్పుడు పెడల్ తన డిస్టార్షన్ పెద్దగా ఇవ్వదు. బేస్ సన్నబరిచి, మిడ్స్ ముందుకు తోసి ఆంప్‌కు అందిస్తుంది. ఆంప్ గెయిన్ నాబ్‌ను రెండు మూడు అంకెలు వెనక్కి తిప్పినా డిస్టార్షన్ సరిపోతుంది. బాస్ ఎస్‌డీ-1 కూడా ఈ పని బాగా చేస్తుంది, ధర కూడా విద్యార్థికి అందేదే. చాలామంది డ్రైవ్ నాబ్ కూడా పెంచేసి ‘పెడల్ పెట్టాక ఇంకా గజిబిజిగా ఉంది’ అంటుంటారు. డ్రైవ్ సున్నా, తమ్ముడూ. అక్కడే ఉండనీ.

కటానా 50 చెప్పడానికి నాకున్న మొదటి కారణం ఈ పెడలే. కంపెనీవాళ్ల టోన్ స్టూడియో సాఫ్ట్‌వేర్‌ను ల్యాప్‌టాప్‌కు కలిపి చూస్తే, లోపలి బూస్టర్‌లో ట్యూబ్ స్క్రీమర్ తరహాది ఉంటుంది. దాన్ని ఆన్ చేసి ఇందాక చెప్పినట్టే పెట్టుకో. నాయిస్ సప్రెసర్ (వాయించనప్పుడు వచ్చే రొదను ఆపేది) కూడా అందులోనే ఉంది. అంటే ఇప్పుడే పెడల్ కొనక్కర్లేదు, ఆ డబ్బు మిగుల్తుంది. ఆంప్ టైప్ నాబ్‌ను బ్రౌన్ మీదికి తిప్పి, గెయిన్ సగానికి కాస్త కింద, బేస్ నాలుగు, మిడిల్ ఆరు, ట్రెబుల్ ఐదు పెట్టి మొదలుపెట్టు. రివర్బ్ సున్నా. పవర్‌ను అర వాటుకు, 25కు తగ్గించుకునే స్విచ్ ఉంది కాబట్టి రాత్రిపూట ఇంటి ఓనరుతో గొడవ కూడా తప్పుతుంది.

ట్యూబ్ మాట కూడా తేల్చేద్దాం, నీ ఫ్రెండ్స్ అన్నది పట్టుకుని చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు. ట్యూబ్ పవర్ ఆంప్‌ను గట్టిగా నడిపినప్పుడు పవర్ సప్లై వోల్టేజి క్షణకాలం కుంగుతుంది. రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చేది) కూడా ట్యూబ్ అయితే ఇంకా ఎక్కువ కుంగుతుంది. పిక్ దెబ్బ మెత్తబడి తర్వాత స్వరం ఉబ్బినట్టు వస్తుంది. బ్లూస్ వాయించేవాళ్లు ప్రాణం పెట్టేది దానికే. నువ్వడిగింది మాత్రం దానికి సరిగ్గా ఎదురు. డ్యూయల్ రెక్టిఫయర్‌లోనే ట్యూబ్ రెక్టిఫయర్ వద్దనుకునేవాళ్లకు సిలికాన్ డయోడ్‌కు మారే స్విచ్ పెట్టారు. ప్రీ ఆంప్‌లో ఇంకో చిక్కు ఉంది. బేస్ మరీ ఎక్కువగా వస్తే గ్రిడ్ దగ్గర కరెంటు పారి ముందున్న కప్లింగ్ కెపాసిటర్ చార్జ్ అయిపోతుంది. అది ఖాళీ అయ్యేదాకా ఆ ట్యూబ్ సరిగ్గా పనిచేయదు. పామ్ మ్యూట్ కొట్టిన వెంటనే ‘బుర్ర్’మని సౌండ్ ఊపిరి ఆగినట్టు వచ్చేది అదే.

ట్రాన్సిస్టర్ పవర్ ఆంప్‌లో అంత కుంగుడు ఉండదు, కొట్టిన దెబ్బ కొట్టినట్టే స్పీకర్‌కు చేరుతుంది. పాంటెరా గిటారిస్ట్ డైమ్‌బ్యాగ్ డారెల్ 1990ల మొదట్లో వాడినవి ర్యాండాల్ ట్రాన్సిస్టర్ ఆంపులు. రంపంతో కోసినట్టుండే ఆ గిటార్ టోన్ విని, ఇది ట్యూబ్ ఆంపే అని పందెం కాసినవాళ్లు ఉన్నారు. మంచి ట్యూబ్ ఆంపులు టైట్‌గా ఉండవని కాదు, 5150ని బూస్ట్ చేసి వింటే ఒళ్లు జలదరిస్తుంది. కానీ ముప్పై వేల లోపు దొరికే ట్యూబ్ కాంబోలు చాలావరకు చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌తో, చిన్న స్పీకర్‌తో వచ్చేవి. డ్రమ్మర్ పక్కన నిలబడితే ముందు కుంగేవి అవే.

మన వైపు ఇంకో లెక్క ఉంది. ట్యూబ్ ఆంప్ పాడైతే కడపలో చూసేవాళ్లు దొరకడం కష్టం. మద్రాసుకో బెంగళూరుకో మోసుకెళ్లాలి. కర్నూలు వాళ్లయితే హైదరాబాదు. ఇరవై కిలోలకు పైబడిన పెట్టెను బస్సు డిక్కీలో వేసి పంపిస్తే లోపలి ట్యూబులు ఏ స్థితిలో చేరతాయో చెప్పలేం. ఎవరైనా అమెరికా నుంచి తెచ్చిన సెకండ్ హ్యాండ్ ఆంప్ చవగ్గా ఇస్తామంటే వెనక ప్లేట్ చూడు. 120 వోల్టులు అని ఉంటే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా మన ప్లగ్గులో పెట్టకూడదు.

ప్లగ్గు అన్నాను కాబట్టి ఇది కూడా రాసేస్తా, ఇది సౌండ్ కంటే ముఖ్యం. ప్రాక్టీస్ రూముల్లో మూడు పిన్నుల ప్లగ్గుకు రెండు పిన్నుల అడాప్టర్ పెట్టి వాడటం నేను చాలాచోట్ల చూశాను. హమ్ తగ్గిందని సంబరపడతారు. ఎర్త్ తెగిపోయిన ఆంప్‌లో లోపం వస్తే ఆ కరెంటు గిటార్ తీగల మీదికి వస్తుంది, అవతల పెదవికి మైకు తగులుతూ ఉంటుంది. దయచేసి ఆ పని చేయకండి. ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ రూములో ఎర్త్ ఉందో లేదో చూపించుకోండి. హై గెయిన్‌లో 50 హెర్ట్జ్ హమ్ వేధిస్తుంటే చాలాసార్లు ఎర్త్ సరిచేసేసరికి సగం పోతుంది.

ఇక స్పీకర్. నీ ఇప్పటి ఆంప్‌లో అసలు చిక్కు ఇదేనని నా అనుమానం. ఆరున్నర అంగుళాల కోన్ 65 హెర్ట్జ్‌ను మోయలేదు. మోయలేని బరువు ఇస్తే అటూ ఇటూ కొట్టుకుని పై ఫ్రీక్వెన్సీలను కూడా చెడగొడుతుంది. 12 అంగుళాల స్పీకర్, వెనక మూసిన క్యాబినెట్ అయితే లోపలి గాలి కోన్‌ను పట్టి ఉంచుతుంది, దెబ్బ తెగినట్టు వినిపిస్తుంది. వెనక తెరిచిన కాంబోలో కింది భాగం కొంచెం వదులుగానే ఉంటుంది. అలాంటి కాంబోను గోడ మూలకు పెట్టొద్దు, నేల మీద కూడా పెట్టొద్దు, కుర్చీ ఎత్తున పెట్టు. రేపు డబ్బులు కూడితే సెలెస్టియన్ వింటేజ్ 30 లాంటి స్పీకర్ ఉన్న మూసిన 1x12 క్యాబ్ (ఒకే 12 అంగుళాల స్పీకర్ ఉన్న విడి పెట్టె) తీసుకోవచ్చు. అయితే నువ్వు కొనే ఆంప్‌కు బయటి స్పీకర్ జాక్ ఉందో లేదో ముందే చూసుకో, అన్ని మోడళ్లకూ ఉండదు. వాట్ల కోసం మాత్రం అదనంగా పెట్టొద్దు. 50 నుంచి 100కు వెళ్తే పెరిగేది 3 డెసిబెల్సే.

కటానా దొరక్కపోతే, సెకండ్ హ్యాండ్‌లో పీవీ బాండిట్ 112 మంచి స్థితిలో కనబడితే కళ్లు మూసుకుని తీసుకో. పాత ట్రాన్సిస్టర్ ఆంప్, 12 అంగుళాల స్పీకర్, మొండి మనిషి లాంటిది. దానికి మాత్రం ఎస్‌డీ-1 విడిగా కొనాలి. మన ఊళ్ల మ్యూజిక్ షాపుల్లో ఎక్కువగా కనిపించే కీబోర్డు ఆంపులు, చర్చి ప్రోగ్రాముల కాంబోలు డిస్టార్షన్‌కు పనికిరావు. వాటి ట్వీటర్ డిస్టార్షన్ గరగరను మొత్తం బయటపెట్టి చెవులు చిల్లులు పొడుస్తుంది. ఆంప్ అసలు వద్దనుకుంటే ల్యాప్‌టాప్, ఆడియో ఇంటర్‌ఫేస్, ఉచితంగా దొరికే న్యూరల్ ఆంప్ మోడలర్ చాలు. రికార్డింగ్‌కు, హెడ్‌ఫోన్స్ ప్రాక్టీసుకు నేనైతే దాన్నే ముందు చెప్తాను. నీకు బ్యాండ్ ఉంది, డ్రమ్స్ పక్కన వినపడాలి కాబట్టి కాంబో అంటున్నా.

డ్రై అన్నావు కదా, అందులో సగం ఆంప్ బయట ఉంది. తీగలు 10-46 సెట్టు (అంగుళంలో వెయ్యో వంతుల్లో మందం) అయితే డ్రాప్ సీలో అవి వేలాడుతుంటాయి. కొట్టగానే స్వరం కాస్త పైకి వెళ్లి కిందికి దిగుతుంది, ఆ ఊగు అంతా డిస్టార్షన్‌లో పెద్దదై కనిపిస్తుంది. కింది తీగ 54 గానీ 56 గానీ ఉన్న సెట్టు వేసి, నట్, ఇంటోనేషన్ సరిచేయించు. పిక్ మందం ఒక మిల్లీమీటరుకు తగ్గకూడదు. బ్రిడ్జ్ పికప్ బేస్ వైపు స్క్రూను కొంచెం కిందికి దింపితే కూడా కింది భాగం శుభ్రపడుతుంది, పైసా ఖర్చు లేదు. నాయిస్ గేట్‌ను (ఇందాకటి సప్రెసర్‌నే) స్వరం సహజంగా ఆగే చోట కాక నీ చెయ్యి ఆగిన చోట మూసుకునేంతే పెట్టు. అంతకన్నా పెంచితే పట్టి ఉంచిన కార్డులు మధ్యలో తెగిపోతాయి.

స్టేజీ మీద ఇంకొకటి. కాలేజీ ఫెస్టులకు వచ్చే సౌండ్ ఆపరేటర్లలో చాలామంది ఆర్కెస్ట్రాలు చేసేవాళ్లు. పాటగాళ్ల కోసం మిక్సర్‌లో ఎకో వేసి ఉంచుతారు, అదే ఎకో నీ గిటార్ చానల్‌కు కూడా వెళుతుంది. రూములో అంత కష్టపడి తెచ్చుకున్న టైట్‌నెస్ అక్కడ ఒక్క నాబుతో పోతుంది. సౌండ్ చెక్ అప్పుడే వెళ్లి, ‘అన్నా, గిటార్‌కు ఎకో మొత్తం తీసెయ్, వంద హెర్ట్జ్ కింద కొంచెం కొయ్యి’ అని మర్యాదగా అడుగు. కాదనేవాళ్లు తక్కువ. ఆ కింది జాగా బేస్ గిటార్‌ది, కిక్ డ్రమ్‌ది. నీ గిటార్ ఒక్కటే వింటే పల్చగా అనిపించినా, నలుగురూ కలిసి వాయించినప్పుడు గోడలా నిలబడుతుంది. మిడ్స్ సున్నా చేసేవాళ్లకు దీనికి తలకిందులుగా జరుగుతుంది. రూములో ఒంటరిగా బ్రహ్మాండంగా ఉంటుంది, డ్రమ్స్ మొదలవ్వగానే గిటార్ మాయం.

షాపులో ఆంప్ చూసేటప్పుడు నీ గిటార్ నువ్వే తీసుకెళ్లు, డ్రాప్ సీలోనే. వాల్యూమ్ మాట్లాడుకునే స్థాయిలో పెట్టి నిర్ణయించొద్దు, రెండు నిమిషాలైనా బ్యాండు స్థాయికి పెంచమని అడుగు. కింది తీగ మీద పామ్ మ్యూట్‌తో మెల్లగా మొదలుపెట్టి వేగం పెంచుతూ పో. ఏ వేగం దగ్గర దెబ్బలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయో విను. తర్వాత పవర్ కార్డ్, దాని పక్కనే మైనర్ థర్డ్. రెండోదాంట్లో కూడా రెండు స్వరాలు తెలిస్తే ఆ ఆంప్ మంచిది. చివరగా గట్టిగా కొట్టి ఒక్కసారిగా ఆపు. ఆపిన తర్వాత ఏం మిగులుతోంది, తోకలా బేస్ సాగుతోందా లేదా అన్నది చూడు. లీడ్ వాయించి మురిసిపోవద్దు, హై గెయిన్‌లో పై తీగల మీద ఏ ఆంప్ అయినా బాగానే ఉంటుంది.

డబ్బు తీసేముందు ఒక పని చెయ్యి. ఎవరి దగ్గరైనా ఏడు స్లైడర్ల ఈక్యూ పెడల్ అడిగి తెచ్చుకో, బాస్ జీఈ-7 లాంటిది. గిటార్‌కు, ఇప్పుడున్న ఆంప్‌కు మధ్య పెట్టు. 100 స్లైడర్ పూర్తిగా కిందికి, 200 సగం కిందికి, 800, 1.6 కిలోహెర్ట్జ్ కొంచెం పైకి. ఆంప్ గెయిన్ నాలుగుకు తగ్గించి అదే రిఫ్ వాయించు. పామ్ మ్యూట్ తెగుతూ వచ్చిందంటే నీకు ఏం కావాలో చెవికి తెలిసిపోయినట్టే, దాన్నే షాపులో వెతుక్కోవచ్చు. అప్పటికీ ముద్దగానే ఉంటే తప్పు ఆ చిన్న స్పీకర్‌ది. అప్పుడు ఇంకేం ఆలోచించకుండా 12 అంగుళాల కాంబోకు వెళ్లిపో. ఈక్యూ పెట్టక ముందు, పెట్టాక ఒకే రిఫ్ ఫోన్లో రికార్డు చేసి ఇక్కడే పెట్టు, విని నాబులు ఎటు తిప్పాలో చెప్తాను.